1890 కిలోల క్యాంపర్, రాళ్ళదారి, రెంటికీ ఒకటే బండి: ఎంపిక లెక్కలు

అవసరం ఇదీ. నలుగురి కుటుంబం, ఏడాదికి నాలుగైదు ప్రయాణాలు, ఒక్కోటి పది రోజులకు తగ్గదు. హైవే మీద రోజుకు ఐదారు వందల కిలోమీటర్లు క్యాంపర్‌ని, అంటే బండి వెనక తగిలించే చక్రాల మకాన్ని, లాగాలి. చివరి 30-40 కిలోమీటర్లు మట్టిరోడ్డు, ఇసుక, ఒకటి రెండు వాగులు. మకాం చేరాక క్యాంపర్‌ని విప్పి నిలబెట్టి, బండి ఒక్కదానితో రాళ్ళదారులు ఎక్కాలి. క్యాంపర్ అప్పటికే కొనేశారు, బండి కొనలేదు. ఇది మంచిదే. బరువు తెలిశాక బండి వెతుక్కోవచ్చు. బండి కొన్నాక బరువు తగ్గించుకోవడం చాలా కష్టం.

వాళ్ళు రాసుకొచ్చిన జాబితా అంతా లాగుడు సామర్థ్యం ప్రకారం పేర్చి ఉంది. 3500 కిలోలది పైన, 2000ది కింద. క్యాంపర్ రెండు వేల లోపే కాబట్టి జాబితాలో ఏదైనా సరిపోతుందని వాళ్ళ అంచనా. ఈ అంచనా ఎక్కడ తప్పుతుందో చెప్పడమే ఈ రాతలో సగం పని. లాగే శక్తి ఆఖరున అయిపోతుంది. అంతకంటే చాలా ముందే బండి మోయగల బరువు అయిపోతుంది. పైగా ఆఫ్‌రోడ్ కోసం బిగించే ప్రతి ఇనప సామానూ ఆ మోతలోంచే తింటుంది.

ముందు కాటా

క్యాంపర్ రేకు మీద ఖాళీ బరువు 1480, అనుమతించిన మొత్తం బరువు 2000 కిలోలు. ప్రయాణానికి సర్దినట్టే సర్ది వేబ్రిడ్జి ఎక్కిస్తే 1890 తూగింది. పెరిగిన 410 కిలోలు ఇలా వచ్చాయి: రెండు నీళ్ళ ట్యాంకులు 120, గ్యాస్ సిలిండర్లు 38, అదనపు బ్యాటరీ, సోలార్ పలకలు 45, పక్కబట్టలు, దుస్తులు, గిన్నెలు 110, ఫ్రిజ్‌లోదీ అల్మరాలోదీ తిండి 40, పనిముట్లు 35, పక్క గుడారం 22. దీన్లో అనవసరమనిపించేది ఒక్కటీ లేదు, అదే ఇబ్బంది.

బాల్ మీద, అంటే క్యాంపర్‌ని తగిలించే బండి వెనక ఇనప గుండు మీద, పడే బరువు తెలుసుకోవడానికి వేరే పరికరం అక్కర్లేదు. క్యాంపర్‌ని విప్పి మొత్తం తూస్తే 1890. బండికి తగిలించి, బండిని కాటా బయట నిలిపి, క్యాంపర్ చక్రాలు మాత్రం కాటా మీద ఉంచితే 1705. తేడా 185. అంటే 9.8 శాతం. ఈ రకం క్యాంపర్‌కి 10 శాతం దగ్గర ఉండాలని చూస్తాం, కాబట్టి ఇది బాగానే ఉంది. ఈ 185 క్యాంపర్ బరువే అయినా మోసేది బండి. బండి మోతలో అది మరో ఇద్దరు పెద్దమనుషులు ఎక్కినట్టు.

మోత లెక్క

మోత అంటే బండి గరిష్ఠ అనుమతి బరువు, అంటే జీవీఎం, లోంచి ఖాళీ బరువు తీసేస్తే మిగిలేది. ఖాళీ బరువనే మాటకు మాత్రం అన్నిచోట్లా ఒకటే అర్థం లేదు. యూరప్ లెక్కలో 75 కిలోల డ్రైవరూ, 90 శాతం నిండిన ట్యాంకూ కలిసే ఉంటాయి. అమెరికా లెక్కలో నిండు ట్యాంకు ఉంటుంది, డ్రైవర్ ఉండడు. ఆస్ట్రేలియాలో టేర్ అంటే ట్యాంకులో 10 లీటర్లే. రెండు కంపెనీల కాగితాలు పక్కపక్కన పెట్టి చూస్తే ఇక్కడే వంద కిలోల తేడా తెలియకుండా దొర్లిపోతుంది. కింది అంకెలన్నీ నిండు ట్యాంకుతో, డ్రైవర్ లేకుండా.

లాగుడు సామర్థ్యం అంకె ఎలా పుడుతుందో కూడా చూడాలి. అమెరికా తయారీదారులు పాటించే ఎస్‌ఏఈ జే2807 పరీక్షలో, డేవిస్ డ్యామ్ అనే 11.4 మైళ్ళ ఎగువ దారిలో, ఏసీ పూర్తిగా వేసి, 100 డిగ్రీల ఫారెన్‌హీట్ ఎండలో, మామూలు బండి గంటకు 40 మైళ్ళకు తగ్గకుండా ఎక్కాలి. ఇంజన్, గేరుబాక్సు, కూలింగ్ ఎంతవరకు తట్టుకుంటాయో తేల్చడానికి ఇది గట్టి పరీక్షే. కానీ అందులో బండిలో ఉండేది డ్రైవరూ పక్కన ఒకరూ మాత్రమే. వెనక సీట్లో పిల్లలుండరు, ముందు స్టీలు బంపరుండదు, డిక్కీలో ఫ్రిజ్ ఉండదు.

జాబితాలో నాలుగు రకాలున్నాయి.

మోనోకాక్ ఎస్‌యూవీ, అంటే విడి చాసిస్ లేనిది, మొదట్లోనే పోయింది. లాగుడు 2000, మెల్లగా గట్టిగా లాగే లో రేంజ్ గేర్లు లేవు. ఇసుకలో రెండు టన్నుల క్యాంపర్‌ని కదిలించాలంటే గేరుబాక్సు వేడెక్కడం తప్ప దానికి వేరే దారి లేదు.

రెండోది ముందూ వెనకా సాలిడ్ యాక్సిళ్ళు, ఇరుసుకున్న రెండు చక్రాలూ కలిసి తిరిగేలా బిగించే ఫ్యాక్టరీ లాకర్లు ఉన్న నాలుగు తలుపుల జీపు రకం. రాళ్ళమీద దీని తర్వాతే ఎవరైనా. వీల్‌బేస్, అంటే ముందు వెనక ఇరుసుల మధ్య దూరం, పొట్టి కాబట్టి క్యాంపర్ దీన్ని ఊపేస్తుందని చాలామంది భయపడతారు. ఆ భయం రెండు తలుపుల రకానికి చెల్లుతుంది. రాంగ్లర్‌నే తీసుకుంటే రెండు తలుపులది 2460 మి.మీ., నాలుగు తలుపులది 3008. ల్యాండ్‌క్రూజర్ 300 వీల్‌బేస్ 2850 మాత్రమే. కాబట్టి దీన్ని పక్కన పెట్టింది పొడవు చూసి కాదు. మోత 450 కిలోలు. నలుగురు మనుషులు 265, బాల్ 185. లెక్క అక్కడికి సరి. ఇక ఒక నీళ్ళ సీసా పెట్టినా ఎక్కువే.

మూడోది ల్యాడర్ ఫ్రేమ్, అంటే నిచ్చెనలాంటి విడి చాసిస్, మీద కట్టిన ఏడు సీట్ల వ్యాగన్. మోత 660, వీల్‌బేస్ 2790, నాలుగు చక్రాలకూ ఎప్పుడూ శక్తి వెళ్ళే ఫుల్‌టైమ్ ఫోర్‌వీల్ డ్రైవ్. నాలుగోది డబుల్ క్యాబ్ పికప్, మోత 950, వీల్‌బేస్ 3085, కావాలన్నప్పుడే నాలుగు చక్రాలకూ శక్తి ఇచ్చే పార్ట్‌టైమ్ ఫోర్‌వీల్ డ్రైవ్. అసలు పోటీ ఈ రెంటి మధ్యే.

రెంటికీ ఒకటే సామాను పెట్టి చూశాం. మనుషులు 265, బాల్ 185, ముందు స్టీలు బంపర్, కూరుకుపోతే తాడుతో లాక్కునే వించి కలిపి 85, టో బార్ 30, అడుగున రక్షణ పలకలు 40, డ్రాయర్లు, ఫ్రిజ్ 65, రికవరీ సామాను 25, బలమైన ఐదు టైర్లవల్ల పెరిగేది 35. మొత్తం 730. వ్యాగన్ 70 కిలోలు దాటిపోయింది. బంపర్, వించి మానేస్తే 645కి వచ్చి 15 మిగులుతుంది. మూడో వరస సీట్లు పీకేస్తే ఇంకాస్త మిగులుతుంది. అంటే వ్యాగన్‌తో వెళ్ళొచ్చు, కానీ ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే ఉంచాలి. పికప్‌కి వెనక తొట్టి మీద కప్పు, అంటే క్యానపీ, 70 అదనం, మొత్తం 800. ఇంకా 150 మిగిలింది.

ఇక్కడ ఒక మాట. క్యాంపర్ నిండు బరువు 1500 దాటకపోయి ఉంటే వ్యాగన్నే సూచించేవాళ్ళం. తడిసిన తారురోడ్డు మీద క్యాంపర్‌తో వెళ్ళేటప్పుడు ఫుల్‌టైమ్ ఫోర్‌వీల్ ఇచ్చే నిలకడ పార్ట్‌టైమ్ బండిలో దొరకదు. ముందు వెనక ఇరుసుల్ని వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే సెంటర్ డిఫరెన్షియల్ లేని బండిని తారు మీద ఫోర్‌వీల్‌లో తిప్పితే మలుపుల్లో ముందు వెనక షాఫ్టులు ఒకదాన్నొకటి మెలిపెట్టుకుంటాయి, శక్తిని రెంటికీ పంచే ట్రాన్స్‌ఫర్ కేసు నలుగుతుంది. పికప్‌ల్లోనూ మిత్సుబిషి సూపర్ సెలెక్ట్ లాంటి ఏర్పాటున్నవి తారు మీద ఫోర్‌వీల్‌కి పనికొస్తాయి. ఆ సౌకర్యమూ మోతా ఒకే బండిలో దొరికితే అదే మొదటి ఎంపిక.

3500 అంకె నిజంగా ఎంత

పికప్ ఖాళీ బరువు 2150, జీవీఎం 3100, బండీ ట్రైలరూ కలిపిన పరిమితి, అంటే జీసీఎం, 5850. 3500 కిలోల ట్రైలర్ తగిలిస్తే బండికి మిగిలేది 2350. ఖాళీ బరువు పోను 200 కిలోలు, మనుషులకీ సామానుకీ అంతే. బండిని జీవీఎం దాకా నింపితే ట్రైలర్ చక్రాల మీదికి 2750 మించకూడదు. ఈ కేసులో బండి 2950, క్యాంపర్ చక్రాల మీద 1705, కలిపి 4655. జీసీఎం వైపు నుంచి ఇబ్బందే లేదు.

ఇరుసుల లెక్కలో బయటపడ్డ తప్పు

ఇంతటితో ఆపేస్తే తప్పు బండి కాదు గానీ తప్పు బంపర్ కొని ఉండేవాళ్ళు. మొత్తం బరువు సరిపోయినంత మాత్రాన ఇరుసులు సరిపోయినట్టు కాదు.

బాల్ వెనక ఇరుసుకు 1350 మి.మీ. వెనకుంది. తక్కెడలా పనిచేస్తుంది. వెనక ఇరుసు మీద పడేది 185 కాదు, 185 × (3085 + 1350) ÷ 3085, అంటే 266. ఆ ఎక్కువైన 81 ముందు ఇరుసు నుంచి లేస్తుంది. సామానంతా ఇలాగే ఒక్కొక్కటీ పంచితే క్యాంపర్ తగిలించినప్పుడు వెనక ఇరుసు 1545, పరిమితి 1850. ముందు 1405, పరిమితి 1480. బాగుంది.

ఇప్పుడు క్యాంపర్ విప్పండి. వెనక 1279కి దిగుతుంది. ముందు ఇరుసుకి ఆ 81 తిరిగొచ్చి 1486 అవుతుంది. పరిమితికి 6 కిలోలు ఎక్కువ. లాగేటప్పుడు అన్నీ సరిగ్గా ఉన్న బండి, రాళ్ళదారికి విడిగా వెళ్ళేటప్పుడు ముందు ఇరుసు మీద ఓవర్‌లోడ్. గుంతల్లో ముందు చక్రాలు దబ్బున పడేది కూడా అప్పుడే. కారణం ఆ బంపర్. అది ముందు ఇరుసుకు 850 మి.మీ. ముందు వేలాడుతుంది కాబట్టి 85 కిలోలు అక్కడ 108 అయి కూర్చుంటాయి.

స్టీలుకు బదులు అల్యూమినియం బంపర్, వించికి ఉక్కు తాడు తీసి సింథటిక్ తాడు. మొత్తం 55 కిలోలకు దిగింది. విప్పినప్పుడు ముందు ఇరుసు 1448, తగిలించినప్పుడు 1367. బండి మొత్తం 2920, మోతలో 180 మిగులు. అందులోంచి 50 కిలోలు 60 లీటర్ల అదనపు డీజిల్ ట్యాంకుకి ఇచ్చాం. మామూలు 80 లీటర్ల ట్యాంకుతో, లాగేటప్పుడు వంద కిలోమీటర్లకు 16 లీటర్లు తాగే బండికి లెక్కకు 500 కిలోమీటర్లు. అందులో కొంత చేతిలో ఉంచుకుంటే నమ్మకంగా వెళ్ళగలిగేది 425. ఈ ప్రయాణాలకు అది చాలదు.

ఎత్తు, టైర్లు

పొడుగు వీల్‌బేస్ బండికి మిట్టల మీద పొట్ట తగులుతుంది. నేల నుంచి బండి అడుగు ఎత్తు 225 మి.మీ., వీల్‌బేస్ 3085 అయితే మధ్యకోణం, అంటే పొట్ట తగలకుండా దాటగల మిట్ట కోణం, రమారమి 16.6 డిగ్రీలు. టైర్ గుండ్రంగా ఉండటంవల్ల నిజంగా ఇంకొంచెం ఎక్కువే వస్తుంది, పోల్చుకోవడానికి ఈ లెక్క చాలు. టైర్లు 265/65ఆర్17 నుంచి 265/70ఆర్17కి మారిస్తే వ్యాసం 776 నుంచి 803కి పెరుగుతుంది, అడుగు 13 మి.మీ. లేస్తుంది. సస్పెన్షన్ 40 మి.మీ. పెంచితే మొత్తం 278, కోణం 20.4.

అక్కడితో ఆపాం. 285/70ఆర్17 వేయాలని బలంగా అడిగారు. దాని వ్యాసం 831, ఫ్యాక్టరీ టైరు కంటే 7 శాతం ఎక్కువ. ఇంజన్‌కి అది గేరు పైకి వేసినట్టే. క్యాంపర్‌తో ఎగువ ఎక్కేటప్పుడు గేరుబాక్సు పైగేరు నిలుపుకోలేక ఊరికే కిందికీ మీదికీ మారుతూ ఆయిలు కాలుస్తుంది, బ్రేకులకూ అంత పెద్ద చక్రాన్ని ఆపడం భారమే. 75 మి.మీ. లిఫ్ట్‌దీ అదే కథ. ముందు చక్రాలకు శక్తి అందించే సీవీ జాయింట్లు ఏటవాలై త్వరగా అరుగుతాయి, గురుత్వకేంద్రం లేస్తుంది, బాల్ ఎత్తు పెరిగి క్యాంపర్ ముక్కు పైకెత్తి నడుస్తుంది. దాని బదులు అడుగున పలకలూ వెనక డిఫ్ లాకరూ ఇచ్చే లాభం ఎక్కువ. లాగే పనికి వాటివల్ల నష్టమూ లేదు.

వెనక కమాన్ పట్టీలు 200 కిలోల నిలకడ బరువుకి సరిపడేవి వేశాం. 400 కిలోలవి వేస్తే క్యాంపర్ విప్పగానే బండి ఎద్దుబండిలా ఎగురుతుంది, చక్రం నేలను వదిలేస్తుంది. ఇల్లు అలకగానే పండగ కాదు. పట్టీలు మార్చినంత మాత్రాన జీవీఎం పెరగదు, దానికి చట్టబద్ధమైన సర్టిఫికెట్ కావాలి. ఎక్కడైనా జీవీఎం పెంచి జీసీఎం పెంచకపోతే, పెరిగినంతా ట్రైలర్ వాటాలోంచే పోతుంది.

పట్టీలకు తోడు ఎయిర్‌బ్యాగులు, అంటే స్ప్రింగుల్లా పనిచేసే గాలి సంచులు, వద్దన్నాం. కమాన్ పట్టీ బరువును రెండు కొసల దగ్గర చాసిస్‌కి అందిస్తుంది. ఎయిర్‌బ్యాగ్ ఆ రెంటి నడుమ ఒకే చోట నెడుతుంది. వెనక బాల్ కిందికి లాగుతూ, మధ్యలో బ్యాగ్ పైకి నెడుతూ ఉంటే, మట్టిరోడ్డు కుదుపుల్లో పికప్ చాసిస్ క్యాబ్ వెనకాల వంగుతుంది. వంగిన పికప్‌లలో ఈ జోడీ తరచూ కనిపిస్తుంది.

కప్లింగ్, బ్రేకులు

50 మి.మీ. బాల్ కప్లింగ్ తారుకు సరే. అడ్డంగా కోసుకుపోయిన దారిలో బండి ఒక పక్కకీ క్యాంపర్ రెండో పక్కకీ ఒరిగితే అది తిరిగే హద్దు దాటి పట్టేస్తుంది. డీఓ35 లాంటి అన్నివైపులా తిరిగే కప్లింగ్ వేశాం. బరువు పంచే హిచ్ కడ్డీలు వాడాలంటే రోడ్డు దిగగానే తీసేయాలి. వాగులో దిగి లేచేటప్పుడు ఆ కడ్డీలు చాసిస్‌ని తిప్పేంత బలంతో పనిచేస్తాయి. ఇక్కడ వాటి అవసరమే రాలేదు.

క్యాంపర్‌కి ఎలక్ట్రిక్ బ్రేకులు, డ్యాష్‌లో కంట్రోలర్. ఓవర్‌రన్ బ్రేకులైతే నిటారు దిగుడులో క్యాంపర్ బండిని తోస్తేనే పడతాయి, అప్పటికే ఆలస్యం. గెయిన్, అంటే బ్రేకు పట్టే బలం, సరిచేసే పద్ధతి: పొడి తారు మీద గంటకు 30-40 వేగంలో చేతి మీట నొక్కుతూ, చక్రాలు జారేదాకా పెంచి, అక్కణ్ణించి కాస్త తగ్గించాలి. మట్టిలోకి దిగగానే మళ్ళీ తగ్గించాలి. లేకపోతే చక్రాలు బిగుసుకుని క్యాంపర్ పక్కకు జారుతుంది.

క్యాంపర్ చక్రాల బోల్టు కొలత 6×139.7, పికప్‌దీ అదే. టైరు సైజు కూడా ఒకటే చేశాం. స్పేర్ దేనికైనా పనికొస్తుంది. ఎడమ కుడి చక్రాల మధ్య దూరం కూడా ఇంచుమించు ఒకటే కాబట్టి ఇసుకలో క్యాంపర్ బండి తొక్కిన గాడిలోనే వస్తుంది.

ఊగడం

ఎంపికంతా పాడుచేయగల అలవాటు ఒకటుంది. క్యాంపర్ వెనక బార్‌కి రెండు క్యాన్లు, రెండు సైకిళ్ళు కట్టడం. క్యాంపర్ ఇరుసు నుంచి కప్లింగ్ 3600 మి.మీ. దూరం. ఇరుసుకు 2000 మి.మీ. వెనక 40 కిలోల క్యాన్లు కడితే బాల్ నుంచి 22 లేస్తుంది. 2200 వెనక 30 కిలోల సైకిళ్ళు కడితే మరో 18. బాల్ బరువు 145, క్యాంపర్ 1960. అంటే 7.4 శాతం. చివర బరువు పెరిగితే శాతం తగ్గడమొక్కటే కాదు, ఒకసారి ఊగడం మొదలైతే ఆగదు కూడా. సైకిళ్ళు పికప్ మీదికి ఎక్కాయి. రెండు నీళ్ళ ట్యాంకుల్లో ఇరుసు వెనకున్నదే ముందు వాడాలి, ముందున్నది చివర్న. ఊగితే బండి బ్రేకు తొక్కొద్దు, స్టీరింగ్ నిలకడగా పట్టుకుని, యాక్సిలరేటర్ వదిలి, క్యాంపర్ బ్రేకు మీట మెల్లగా నొక్కాలి.

పరీక్ష ప్రయాణంలో బయటపడ్డవి

మెత్తటి ఇసుకలో హై రేంజ్‌లో లాగితే గేరుబాక్సు ఆయిలు 118 డిగ్రీలకు ఎక్కింది. ఇంజన్ శక్తిని గేరుబాక్సుకి అందించే టార్క్ కన్వర్టర్ లాక్ పడకుండా జారుతూ ఉండటమే కారణం. లో రేంజ్‌లో మూడో గేరుకి మారాక 98కి దిగింది. 120 దాటితే ఆగి, న్యూట్రల్‌లో ఇంజన్ నడుస్తూ ఉంచి చల్లార్చాలన్నది నియమంగా పెట్టుకున్నారు. అదనపు ఆయిల్ కూలర్ వేశాం.

టైర్ల గాలి తారు మీద ముందు 35, వెనక 42 పీఎస్‌ఐ. మట్టిరోడ్డుకి 28, 32. ఇసుకలో బండికీ క్యాంపర్‌కీ 18. బండి గాలి తీసి క్యాంపర్‌ది మరిచిపోవడం మామూలే, గట్టి టైర్లతో అది నాగలిలా ఇసుక దున్నుతుంది. నడిచాక గాలి చల్లప్పటి కంటే 4-6 పీఎస్‌ఐ పెరిగితే సరే. అంతకు మించితే గాలి తక్కువైనా ఉండాలి, బరువు ఎక్కువైనా ఉండాలి.

వించి 9500 పౌండ్లది, అంటే 4309 కిలోలు. బండి బరువుకు ఒకటిన్నర రెట్లుండాలన్న లెక్కన 2920కి 4380 కావాలి, కొంచెం తక్కువ. అదనపు ట్యాంకు నిండా ఉంటే ఇంకాస్త తక్కువ. కానీ కూరుకుపోతే ముందు క్యాంపర్ విప్పుతారు, విప్పాక ట్యాంకుతో కలిపి 2785కి 4178 చాలు. 12,000 పౌండ్ల వించి పెడితే ముందు ఇరుసు మళ్ళీ హద్దుకు దగ్గరవుతుంది. పట్టు చాలనప్పుడు కప్పీ వేసి తాడు రెట్టించుకోవచ్చు. టో బాల్‌కి మాత్రం తాడు తగిలించి లాగకూడదు, బాల్ విరిగితే తూటాలా వస్తుంది. బాల్‌ని పట్టే కడ్డీ, అంటే షాంక్, తీసి అది దూరే రిసీవర్‌లో తాడు తగిలించే షాకిల్ దిమ్మె పెట్టాలి. ఆ షాంక్‌ని రాళ్ళదారికి వెళ్ళేముందు ఎలాగూ తీయాలి. మొదటి వాగులో గట్టెక్కుతూ నేలను గీరుకుంది అదే.

క్యాంపర్ యూ బోల్టులు 100 కిలోమీటర్లకే పావు తిప్పు వదులయ్యాయి, మళ్ళీ 500 దగ్గర చూసుకోవాలి. ఇరుసు కింద వేలాడిన బ్రేకు తీగని రాయి కోసేసింది. దాన్ని ఇరుసు పైనుంచి రబ్బరు గొట్టంలో తిప్పాం. వోల్టేజీని తనంతట తగ్గించుకునే స్మార్ట్ ఆల్టర్నేటర్‌తో క్యాంపర్ బ్యాటరీ సగమే నిండుతుండటంతో, వోల్టేజీ సరిచేసే డీసీ-డీసీ చార్జర్ పెట్టి, ముందు నుంచి వెనకదాకా 16 చదరపు మి.మీ. తీగ లాగాం. వెనక డ్రమ్ బ్రేకులు బురద తర్వాత ఊడదీసి కడగకపోతే పట్టు తగ్గుతోంది. దానికి ప్రతి ప్రయాణం తర్వాతా చక్రాలు విప్పడం తప్ప ఉపాయం దొరకలేదు.